స్క్రీన్ మీద రెండో కర్సర్ కనిపిస్తే చేతులాడటం లేదు

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం కాబట్టి ముఖ్యమైన భాగాలే ఇస్తున్నాను.

ఆమె సాఫ్ట్‌వేర్ డెవలపర్, మూడేళ్ల అనుభవం. ఏడు నెలల క్రితం అందరూ ఇంటి నుంచే పనిచేసే ఒక టీమ్‌లో చేరారు. అక్కడ పెయిర్ ప్రోగ్రామింగ్ తప్పనిసరి. అంటే ఇద్దరు డెవలపర్లు ఒకే కోడ్ మీద ఒకే సమయంలో పనిచేయాలి. ఒకరు టైప్ చేస్తుంటే రెండోవారు చూస్తూ, ఆలోచిస్తూ, దారి చెబుతుండాలి. ఈమెకు జోడీగా బాగా అనుభవమున్న ఒక సీనియర్‌ని ఇచ్చారు. రోజుకు నాలుగు గంటలు హెడ్‌సెట్ పెట్టుకుని, ఎడిటర్ షేర్ చేసుకుని కూర్చుంటారు.

"నేను ఒక లైన్ సగం రాసేలోపే ఆయన కర్సర్ వచ్చి ఆ లైన్‌ని సెలెక్ట్ చేస్తుంది. 'అక్కడ కాదు, పైన', 'ఆ పేరు బాలేదు', 'బ్రాకెట్ మర్చిపోయారు' అంటూనే ఉంటారు. అరిచే మనిషి కాదు, మర్యాదగానే మాట్లాడతారు. కానీ నాకు లోపల వణుకు మొదలవుతుంది. రోజూ రాసే ఫర్ లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే చిన్న కోడ్) కూడా గుర్తుకు రాదు. కాసేపు చూసి 'ఒక్క నిమిషం, నేను చూపిస్తాను' అని ఆయనే టైప్ చేయడం మొదలుపెడతారు. ఫైల్ నుంచి ఫైల్‌కి దూకుతూ వెళ్లిపోతుంటే నాకేమీ అందదు. 'అర్థమైందా?' అంటే 'అయింది' అనేస్తాను. సాయంత్రం ఒక్కదాన్నే కూర్చుని అదే కోడ్ చదివితే గంటలో అర్థమవుతుంది. కమిట్ (రాసిన మార్పును పేరుతో సహా ప్రాజెక్టులో నమోదు చేయడం) మాత్రం అప్పటికే ఆయన పేరు మీద వెళ్లిపోయి ఉంటుంది."

త్వరలో అప్రైజల్ ఉందట, ఆ టెన్షన్ వేరే. ఇంకో సంగతి కూడా రాశారు. వారాంతాల్లో ఆమె ఆన్‌లైన్‌లో ప్రోగ్రామింగ్ పాఠాలు చెబుతారు. అక్కడ విద్యార్థులను ఇద్దరిద్దరిగా బ్రేకవుట్ రూముల్లోకి, అంటే వీడియో కాల్‌లోనే ఉండే విడి గదుల్లోకి పంపుతారు. ఈమధ్య ఒక రూమ్‌లోకి వెళ్తే ఒక అబ్బాయి చకచకా టైప్ చేస్తున్నాడు, జోడీగా ఉన్న అమ్మాయి మైక్ మ్యూట్‌లో ఉంది. "అర్థమవుతోందా?" అని అడిగితే మైక్ ఆన్ చేసి "అవుతోంది మేడమ్" అని మళ్లీ మ్యూట్ చేసుకుంది. "అది నా గొంతే అనిపించింది" అంటారు.

ఆమె అడిగినవి మూడు. నేను ఈ ఉద్యోగానికి పనికిరానా? పెయిరింగ్ వద్దని చెప్పొచ్చా, చెబితే చేతకానిదాన్ననుకుంటారా? నా క్లాసులో జోడీలు మానేయాలా?

మీ మొదటి ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉందండి. ఒక్కరే కూర్చుంటే గంటలో అర్థమవుతోందని మీరే రాశారు. పని రానివాళ్లకు పది గంటలు కూర్చున్నా అలా అర్థం కాదు. ఎవరో చూస్తుండగా కొత్త పని చేయాల్సి రావడం దగ్గరే మీకు చిక్కు వచ్చింది.

ఇది మీ ఒక్కరికే ఉన్న బలహీనత అనుకోకండి. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసి 1965లోనే దీని గురించి రాశారు. చేయి తిరిగిన పనిని ఎవరైనా చూస్తుంటే మనుషులు ఇంకా బాగా చేస్తారు, ఇంకా నేర్చుకుంటున్న పనిలో మాత్రం అదే చూపు కింద తడబడతారు. మీ జోడీకి ఇది పెట్టి చూడండి. ఆ కోడ్ ఆయనకు చేయి తిరిగినది, మీకు ఏడు నెలలది. ఒకే సెషన్ ఆయనకు హుషారునిస్తుంది, మీ చేతులు కట్టేస్తుంది. ఆయన "ఈమెకు లూప్ కూడా రాదేమో" అనుకుంటూ ఉండొచ్చు. మీరు "ఈయన ముందు నేనెంత" అనుకుంటున్నారు. ఇద్దరి అంచనా తప్పే.

దీనికి దూరం తోడైంది. పక్కపక్కన కూర్చుంటే మీరు నుదురు చిట్లించి ఆలోచిస్తున్న సంగతి ఆయనకు కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో కనిపించేది కదలని కర్సర్ ఒక్కటే. అది ఐదు సెకన్లు ఆగితే మీరు చిక్కుకుపోయారనుకుని అందుకుంటారు. నెట్‌వర్క్ ఆలస్యం ఇంకొకటి. కాల్‌లో మాట అవతలికి చేరడానికి పట్టే సమయం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణకు పెద్దగా ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం చెబుతుంది. బాగా ఎక్కువైతే ఇద్దరి మాటలూ ఒకదానిమీద ఒకటి పడతాయి, అలా పడినప్పుడల్లా వెనక్కి తగ్గేది జూనియరే. రోజుకు ఎన్నిసార్లు "మీరు చెప్పండి సార్" అని మీ మాట మింగేస్తున్నారో గమనించండి. కెమెరా సంగతి కూడా ఉంది. వీడియో కాల్స్‌తో వచ్చే అలసట గురించి స్టాన్‌ఫర్డ్‌లోని జెరెమీ బేలెన్సన్ 2021లో రాస్తూ, ఎదుటి ముఖం అంత దగ్గరగా ఉండటం, మన ముఖం మనకే అస్తమానం కనిపించడం, కదలకుండా కూర్చోవాల్సి రావడం వంటి కారణాలు చూపించారు. పలకరింపులయ్యాక కెమెరాలు ఆపేద్దామని అడగడంలో తప్పేమీ లేదు. మీరిద్దరూ చూడాల్సింది కోడ్‌ని.

అలాగని తప్పంతా దూరానిదే అనలేం. 2002లో నార్త్ కరోలినాలో విద్యార్థులతో చేసిన ఒక ప్రయోగంలో, వేర్వేరు చోట్ల నుంచి జోడీగా రాసినవారి కోడ్ పక్కపక్కన కూర్చుని రాసినవారి కోడ్‌కి తీసిపోలేదు. కాబట్టి దూరంగా ఉండి కూడా ఈ పని బాగా చేయొచ్చు. మీ దగ్గర లోపం పద్ధతిలో ఉంది.

1990ల చివర్లో కెంట్ బెక్ ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినప్పుడు జోడీగా రాయడం అందులో ఒక ముఖ్య నియమం. టైప్ చేసేవారిని డ్రైవర్ అని, దారి చూసేవారిని నావిగేటర్ అని పిలవడం అలవాటైంది. చాలా టీముల్లో ఈ పేర్లు తెలుసు, నావిగేటర్ అసలేం చేయాలో మాత్రం ఎవరూ నేర్పరు. మీ సీనియర్‌కీ నేర్పి ఉండరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రద్దయిన ఆర్డర్‌కి రెండుసార్లు రీఫండ్ వెళ్తోందని టికెట్ (సరిచేయాల్సిన పని గురించిన నమోదు) వచ్చింది. నావిగేటర్ దాన్ని మూడు రకాలుగా చెప్పొచ్చు. "ఒకసారి రీఫండ్ అయిన ఆర్డర్‌కి మళ్లీ వెళ్లకుండా చూద్దాం" అనడం ఒకటి, ఇక్కడ ఉద్దేశం చెప్పి ఊరుకుంటారు. దానికి డ్రైవర్ కదల్లేకపోతే "రీఫండ్ ఫంక్షన్ మొదట్లోనే ఆపేద్దాం" అని చోటు చూపిస్తారు. అప్పటికీ కదల్లేకపోతేనే "ఇఫ్ రాసి స్టేటస్ చూడండి, రీఫండెడ్ అయితే రిటర్న్" అని అక్షరాల్లోకి దిగుతారు. డ్రైవర్ ఎంత పై మెట్టు నుంచి పని అందుకోగలిగితే అక్కడే ఆగడం నావిగేటర్ నేర్పు. మీ సీనియర్ పొద్దున్నుంచీ మూడో మెట్టు మీదే ఉంటున్నారు. బ్రాకెట్ మర్చిపోతే ఎడిటరే ఎర్రగీత గీసి చూపిస్తుంది, దానికి మనిషి అక్కర్లేదు. ఉద్దేశం మీదాకా రాకపోవడం వల్లే, ఆయన ఫైళ్ల మధ్య దూకినప్పుడు ఎందుకు దూకారో మీకు తెలియడం లేదు.

ఆయనతో మాట్లాడటం నా దృష్టిలో మొదటి దారి. సెషన్ మధ్యలో, ఆయన కర్సర్ మీ లైన్ మీద ఉన్నప్పుడు ఎత్తకండి. విడిగా ఒక పావుగంట అడగండి. ఇలా అనొచ్చు: "మీతో కూర్చుంటే చాలా తెలుస్తోందండి. కానీ లైన్ పూర్తికాకముందే సరిచేస్తే నా ఆలోచన తెగిపోతోంది. నేను 'చూడండి' అన్నాక చెబుతారా? నేను ఆగిపోయాననిపిస్తే, ఆలోచిస్తున్నానా సాయం కావాలా అని ఒక్కసారి అడగండి." ఇందులో ఆయన మీద నింద లేదు, ఏం చేయాలో స్పష్టంగా ఉంది. చాలామంది సీనియర్లు ఈ మాటకు నొచ్చుకోరు, తమ వల్ల ఇలా జరుగుతోందని తెలిసి ఇబ్బంది పడతారు. ఒప్పుకున్నా మర్నాడు మళ్లీ అలాగే చేస్తారు, అది అలవాటు. రెండు మూడుసార్లు నవ్వుతూ గుర్తు చేయాల్సి వస్తుంది.

ఆ మాటతో పాటు ఒకటి రెండు ఏర్పాట్లు కూడా అడగండి. పాతిక నిమిషాలకు టైమర్ పెట్టుకుని డ్రైవర్, నావిగేటర్ మారడం, మధ్యలో కుర్చీలోంచి లేవడం. టెస్టులు (కోడ్ సరిగా పనిచేస్తోందో పరీక్షించే చిన్న కోడ్‌లు) రాసే టీమ్ అయితే ఇంకా మేలు. మీరొక ఫెయిలయ్యే టెస్ట్ రాస్తారు, ఆయన దాన్ని పాస్ చేయించి ఇంకో టెస్ట్ రాస్తారు, దాన్ని మీరు పాస్ చేయిస్తారు. దీన్ని పింగ్‌పాంగ్ అంటారు. ఇందులో కీబోర్డు దానంతటదే చేతులు మారుతుంది, "నేను చూపిస్తాను" అనే అవకాశం తక్కువ. ఎడిటర్‌ని పంచుకోవడానికి విజువల్ స్టూడియో లైవ్ షేర్ వాడుతుంటే, చూడటానికి మాత్రమే వీలిచ్చే సెషన్ తెరవొచ్చు. మీరు డ్రైవర్‌గా ఉన్నప్పుడు ఆయన మీ కోడ్ చదవగలరు, మార్చలేరు. ముందు చెప్పి చేయండి. చెప్పకుండా చేస్తే ముఖం మీద తలుపేసినట్టు ఉంటుంది.

ల్యువెలిన్ ఫాల్కో ప్రచారం చేసిన ఇంకో పద్ధతి ఉంది. నీ బుర్రలోని ఆలోచన కంప్యూటర్‌లోకి వెళ్లాలంటే అది రెండోవారి చేతుల మీదుగానే వెళ్లాలి అన్నది దాని నియమం. ఆలోచన ఆయనదైతే టైప్ చేసేది మీరు, మీదైతే ఆయన. నాకిది ఇష్టం. కానీ మీ పరిస్థితిలో ఒక ప్రమాదం ఉంది. ఆయన మూడో మెట్టు మీదే ఉండిపోతే మీరు ఉత్త టైపిస్టు అయిపోతారు. అందుకని తిరగేసి మొదలుపెట్టండి. ఈ ఏడు నెలల్లో మీకు బాగా తెలిసిన భాగం ఏదో ఒకటి ఉంటుంది. అందులో చిన్న టికెట్ తీసుకుని "ఈరోజు నేను చెబుతాను, మీరు టైప్ చేయండి" అనండి. మీకేం తెలుసో ఆయనకు తెలిసేది అప్పుడే.

మీవైపు నుంచి మారాల్సింది కూడా ఒకటుంది, చెప్పక తప్పదు. అర్థం కాకుండా "అయింది" అనడం ఆపండి. ఆయనకు మీ గురించి తెలిసే దారి ఆ ఒక్క మాటే, అది రోజూ తప్పు సమాచారం ఇస్తోంది. "కాలేదు" అనడం కష్టమైతే విన్నదాన్ని తిరిగి చెప్పండి: "రీఫండ్‌ని ఇక్కడ ఆపుతున్నామని అర్థమైంది. ఈ కాన్ఫిగ్ ఫైల్‌లోకి ఎందుకొచ్చామో అందలేదు." అలాగే ఆలోచించేటప్పుడు నోటితో ఒక ముక్క అనండి. "రెండు దారులు కనిపిస్తున్నాయి, ఒక్క నిమిషం" అంటే చాలు, మీ కర్సర్ ఆగినా ఆయన కంగారుపడరు.

ఇక మేనేజర్ దగ్గరకు వెళ్లడం. సీనియర్‌తో మాట్లాడకముందే వెళ్తే అది ఫిర్యాదు అవుతుంది, ఆ తర్వాత ఆయనతో కూర్చోవడం మరింత బరువవుతుంది. మాట్లాడాక, టీమ్ ఏర్పాటు గురించి వెళ్తే వేరు. అడగాల్సినవి రెండున్నాయి. ఏడు నెలలు ఒకే జోడీ ఉంచడం ఎందుకు? పెయిరింగ్‌ని నమ్మేవాళ్లే జోడీలు తరచూ మారాలంటారు, కోడ్ గురించిన జ్ఞానం నలుగురికీ పాకేది అలాగే. మీకు ఇంకొకరితో కూర్చునే వీలు వస్తే, సమస్య ఈ జోడీదా, పెయిరింగ్‌దా అన్నది మీకే తేలిపోతుంది.

రెండోది గంటల సంగతి. రోజూ నాలుగు గంటలు, పని ఏదైనా సరే జోడీగానే అంటే ఎక్కువే. పెయిరింగ్ మీద వచ్చిన అధ్యయనాలను కలిపి 2009లో ఒక విశ్లేషణ చేశారు. తేలిక పనుల్లో జోడీ త్వరగా ముగిస్తుంది కానీ నాణ్యత తగ్గుతుంది, కష్టమైన పనుల్లో నాణ్యత పెరుగుతుంది కానీ మొత్తం శ్రమ చాలా ఎక్కువ పడుతుంది అని అందులో తేలింది. అంతకు ముందు 2007లో 295 మంది వృత్తి ప్రోగ్రామర్లతో చేసిన ప్రయోగంలో ఎక్కువ లాభపడింది చిక్కైన కోడ్ మీద జోడీగా పనిచేసిన జూనియర్లే. అంటే మీకు పెయిరింగ్ అవసరం ఉంది, చిక్కుముడుల దగ్గర ఉంది. బటన్ పేరు మార్చే టికెట్‌కి ఇద్దరెందుకు? "కష్టమైన వాటికి రోజూ రెండు గంటలు కూర్చుందాం, తేలికవి నేను చేసి రివ్యూకి (ఇంకొకరు చూసి సరిచేయడానికి) పెడతాను" అని మేనేజర్ ముందు పెట్టండి. మీరు పని తప్పించుకుంటున్నారని ఎవరూ అనలేరు. పైగా మీరు ఒంటరిగా బాగా చేయగలరన్న సంగతి ఆ తేలిక టికెట్లే చూపిస్తాయి.

కమిట్ మీద పేరు గురించి మొహమాటపడకండి. ఇద్దరు రాసిన కోడ్‌కి ఇద్దరి పేర్లూ ఉండాలి. కమిట్ సందేశం చివర కో-ఆథర్డ్-బై అని మీ పేరు, ఈమెయిల్‌తో ఒక లైన్ చేరిస్తే సరిపోతుంది, కోడ్ దాచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్ 2018 నుంచి ఇద్దరినీ చూపిస్తోంది. ఆయన కావాలని మీ పేరు దాచారని నేననుకోను. ఎవరి మెషిన్ నుంచి కమిట్ చేస్తే వాళ్ల పేరే పడుతుంది, ఎవరూ పట్టించుకోలేదు. అప్రైజల్ లోపు ఇది అడిగేయండి, ఈ వారంలోనే. ఇప్పటిదాకా జరిగిన వాటికి మీరే ఏ టికెట్‌లో ఏం చేశారో ఒక జాబితా రాసుకోండి.

పెయిరింగ్ అసలే వద్దని చెప్పొచ్చా అన్నారు. చెప్పొచ్చు. కానీ మీ టీమ్‌లో నిర్ణయాలన్నీ ఆ సెషన్లలోనే జరుగుతుంటే, బయటికొచ్చిన మనిషికి అవి ఆలస్యంగా, రివ్యూ వ్యాఖ్యల రూపంలో చేరతాయి. అప్పుడు ఒంటరితనం మొదలవుతుంది, ఇంటి నుంచి పనిచేసేవారికి అది చిన్న విషయం కాదు. ఈ దారే ఎంచుకుంటే బదులుగా ఏం చేస్తారో మీరే చెప్పండి: చిన్న చిన్న మార్పులుగా రివ్యూకి పంపడం, పెద్ద పని మొదలుపెట్టే ముందు అరగంట మాట్లాడుకోవడం లాంటివి. ఉద్యోగం మారడం ఆఖరి దారి. పద్ధతి మార్చి, జోడీ మార్చి చూశాక కూడా వణుకు పోకపోతే మారండి, అందులో ఓటమి ఏమీ లేదు. తర్వాతి ఇంటర్వ్యూలో రోజుకు ఎన్ని గంటలు పెయిరింగ్, జోడీలు ఎన్నాళ్లకు మారతాయి అని మీరే అడగండి. ఒక్క మాట: ఆ వణుకు సెషన్లకే పరిమితం కాకుండా నిద్ర చెడగొడుతుంటే, సెలవు రోజుల్లో కూడా వెంటాడుతుంటే, డాక్టర్‌నో కౌన్సెలర్‌నో కలవండి, ఇవేవీ తేలేదాకా ఆగకండి.

మీ క్లాసులో జోడీలు మానకండి. శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు మీద చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. జోడీగా నేర్చుకున్నవారిలో కోర్సు చివరిదాకా నిలిచినవారు ఎక్కువ. తర్వాతి కోర్సులో ఒంటరిగా రాయాల్సి వచ్చినప్పుడు వాళ్లు వెనకబడలేదు కూడా. అయితే జోడీ కట్టి రూమ్‌లోకి పంపేస్తే ఆ ఫలితం రాదు. వేగంలో దగ్గర దగ్గరగా ఉన్నవారిని కలపండి. బాగా వచ్చినవారి పక్కన రానివారిని పెడితే నేర్పుతారని ఉపాధ్యాయులు ఆశపడతారు. చాలాసార్లు వచ్చినవారు పని ముగించేస్తారు, రానివారు చూస్తూ ఉంటారు. టైమర్ మీ చేతిలో ఉంచుకుని పది పన్నెండు నిమిషాలకోసారి అందరినీ ఒకేసారి మార్చండి. మారేటప్పుడు స్క్రీన్ షేర్ కూడా మారాలి, లేకపోతే కీబోర్డు ఉన్నచోటే ఉండిపోతుంది. ప్రతి జోడీ పని తర్వాత అలాంటిదే చిన్న ప్రశ్న ఒకటి విడివిడిగా రాయించండి. మార్కుల కోసం కాదు, ఎవరికి ఏం అందిందో మీకు తెలియడానికి.

రూమ్‌లోకి వెళ్లినప్పుడు "అర్థమవుతోందా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఎలాంటిదో మీకంటే ఎవరికి తెలుసు! టైప్ చేయని వారినే "మీరిద్దరూ ఇప్పుడు ఏం చేయబోతున్నారు?" అని అడగండి. చెప్పలేకపోతే మందలించకుండా "అయితే ఇద్దరూ ఒకసారి మాట్లాడుకోండి, రెండు నిమిషాల్లో మళ్లీ వస్తాను" అని వెళ్లండి. అప్పుడు ఆ అబ్బాయి చెప్పడం నేర్చుకుంటాడు, ఆ అమ్మాయి అడగడం నేర్చుకుంటుంది.

ఆ అమ్మాయి పేరు క్లాసులో ఎత్తకండి. ఈ వారాంతానికి ముందే ఆమెకు విడిగా ఒక సందేశం పెట్టి, ఏ జోడీ అయితే తేలికగా ఉంటుందో అడగండి. వచ్చే క్లాసులో అందరి జోడీలూ కలిపి మార్చేస్తే, తన కోసమే మార్చారని ఎవరికీ అనిపించదు.